రెండు కళ్ల తగువులో న్యాయం

ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయిపోయి, రెండోదానికి ఇంకా కొన్ని వారాల గడువున్న పెద్దవాళ్లకి కొత్త అలవాటొకటి పట్టుకుంటుంది. అరచేత్తో ఒక కన్ను మూసి కట్టుకున్న పంచె వంక చూస్తారు, చెయ్యి మార్చి మళ్లీ చూస్తారు. ఆపరేషన్ అయిన కంటికి అది నీలిమందు పెట్టి ఉతికినంత తెల్లగా ఉంటుంది. రెండో కంటికి అదే పంచె పసుపు తిరిగి మాసిపోయి ఉంటుంది. "ఇన్నాళ్లూ ఇదే కట్టుకుని పెళ్లిళ్లకి వెళ్లానా?" అని బిత్తరపోతారు.

వయసుతో పసుపెక్కిన కటకం నీలి కాంతిని సరిగ్గా లోపలికి రానివ్వదు. దాన్ని తీసి కొత్త లెన్సు పెట్టగానే ఆ నీలమంతా ఒక్కసారిగా వచ్చిపడుతుంది. వైద్యం అంతే. చిక్కల్లా తర్వాతి ప్రశ్నతోనే: పంచె అసలు రంగు ఏది?

మన దార్శనికుల దగ్గర దీనికి పాత ఉదాహరణ ఉంది, కామెర్లవాడికి పచ్చగా కనిపించే శంఖం. కామెర్లు తగ్గాక శంఖం తెల్లబడుతుంది, తర్వాతి జ్ఞానం ముందుదాన్ని కొట్టేస్తుంది. అలా కొట్టేసే బాధకం ఎదురయ్యేదాకా ఏ జ్ఞానమైనా చెల్లుతుందన్నారు మీమాంసకులు. ఇక్కడేమో ఇద్దరు సాక్షులూ ఒకే ముఖం మీద కూర్చుని చెరో మాటా చెబుతున్నారు.

నైయాయికుల దారి వేరు. జ్ఞానాన్ని నమ్ముకుని చేసిన పని ఫలిస్తే ఆ జ్ఞానం నిజమంటారు. సరే, పరీక్షిద్దాం. బస్సు బోర్డు దగ్గర కొత్త కన్ను గెలుస్తుంది. పేపరు దగ్గర ఓడిపోవచ్చు: మామూలుగా పెట్టే లెన్సు దూరపు చూపుకి కుదిర్చినది. రెండో కంట్లో శుక్లం గట్టిపడి హ్రస్వదృష్టి తెచ్చిపెట్టి ఉంటే, అద్దాలు లేకుండా అక్షరాలు పట్టుకునేది అదే. ఇక రెండూ తెరిచి గ్లాసులోకి నీళ్లు వంపితే పక్కన పడతాయి, దిగుతుంటే ఆఖరి మెట్టు ఎక్కడుందో అందదు. ఆ వారాలన్నీ గోడ పట్టుకుని దిగమని చెప్పడం వేదాంతం కన్నా ముఖ్యం.

చిత్రకారుడు క్లోడ్ మోనేకి ఈ తగువు తీరనే లేదు. 1923లో, 82 ఏళ్ల వయసులో, కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎడమకంటిని ముట్టుకోనివ్వలేదు. కంట్లో అమర్చే లెన్సు లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ చేతుల మీదుగా 1949లో గానీ రాలేదు కనక, దళసరి అద్దాలే గతి. అవి బొమ్మని దాదాపు పాతిక శాతం పెద్దది చేస్తాయి. రంగూ కలవక, పరిమాణమూ కలవక, ఒక కన్ను మూసి పని చేశాడు. 1926లో పోయాడు.

నైయాయికుల మూలగ్రంథం న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో గౌతముడు ఈ రెండు కళ్లనే సాక్ష్యానికి పిలిచాడు. ఎడమకంటితో చూసినదాన్ని కుడికంటితో చూసి 'అదే ఇది' అని గుర్తుపడుతున్నాం, కనక చూసేవాడు కన్ను కాదు, వేరే ఉన్నాడని వాదన. ప్రతివాది ఊరుకోలేదు: కన్ను ఒకటే, మధ్యలో ముక్కు ఎముక అడ్డొచ్చి రెండనుకుంటున్నాం అన్నాడు. ఒకటి పోయినా రెండోది ఉంటోంది కదా అని జవాబు. ఇంతటితో ఆత్మ తేలిపోయిందనడం కష్టమే. బౌద్ధులు ఒప్పుకోనూ లేదు. అయినా పంచె చూసి బిత్తరపోయినది ఆ రెండు కళ్లలో ఏదీ కాదన్నంతవరకూ గౌతముడిదే పైచేయి.

ఇప్పుడు డాక్టర్లు కావాలనే కొంత తేడా మిగులుస్తున్నారు: ఒక కన్ను దూరానికి, ఇంకోటి దగ్గరికి. దీన్నే మోనోవిజన్ అంటారు. తేడా ఒకటిన్నర డయాప్టర్ల లోపుంటే చాలామంది సర్దుకుపోతారు. మూడు దాటితే అద్దాలతో కలపడం కష్టం. ఆ కాస్త తేడా కూడా పడనివాళ్లు రెండు కళ్లకీ దూరపు లెన్సే పెట్టించుకుని, చదవడానికి జేబులో అద్దాలు ఉంచుకుంటారు.