ఎవరికి పెద్ద అక్షరము?

వాక్యభాగము: యాకోబు 2:1–9



పొన్నూరు చుట్టుపట్ల గ్రామములలో మన పిల్లలు నేడు చిన్న తరగతులనుండియే ఇంగ్లీషు అక్షరములు నేర్చుకొనుచున్నారు. నాలుగు గీతల కాపీ పుస్తకములో పెద్ద ఏబీసీడీలు ఒక వరుస, చిన్న ఏబీసీడీలు ఒక వరుస వ్రాయుదురు. వాక్యము మొదట పెద్ద అక్షరము రావలెను. మనుష్యుని పేరునకును, ఊరి పేరునకును, వారము పేరునకును, నెల పేరునకును పెద్ద అక్షరము రావలెను. “ఊరు” అను మాటకు చిన్న అక్షరము చాలును; “పొన్నూరు” అని వ్రాసినప్పుడు మాత్రము పెద్దది కావలెను. పేరు పెట్టి పిలిచినదానికి పెద్ద అక్షరమని చెప్పినయెడల బిడ్డలు మరువరు.

ఈ నియమములో ఒక మేలు దాగియున్నది. కలెక్టరుగారి పేరునకును, మిరపకాయల కోతకు పోవు తల్లి పేరునకును అక్షరము ఒకే కొలత. “నేను” అని అర్థమిచ్చు “ఐ”ని కూడ ఎల్లప్పుడు పెద్దదిగానే వ్రాయవలెను. అది గర్వమని కొందరందురు గాని అట్లు కాదు. చేతివ్రాత కాలమున ఒంటరిగా నిలిచిన ఆ చిన్న గీత కంటికి ఆనకపోవుచుండెను గనుక దానిని పొడవుగా వ్రాయసాగిరి.

మన తెలుగులో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు. పాతనిబంధన వ్రాయబడిన హెబ్రీ లిపిలోను లేదు. మన భాషలో గౌరవము సర్వనామములో నున్నది: నీవు, మీరు, వాడు, అతడు, ఆయన, వారు. ఇంగ్లీషువారికి ఎదుటివారెవరైనను “యూ” ఒక్కటే. తెలుగు బిడ్డ మాత్రము నోరు తెరచిన ప్రతిసారి ఎవరికి ఎంత గౌరవమో ఎంచుకొనవలెను. అక్షరములు బడిలో నేర్పుదురు. ఈ ఎంపికను నేర్పు బడి మన యిల్లు, మన వీధి.

అక్కడ పిల్లలు ఏమి వినుచున్నారు? తల నెరసిన కూలీని పదేండ్ల బాలుడు “ఒరే” యని పిలుచుట వినుచున్నారు. పాచిపని చేయు స్త్రీని, కొన్ని యిండ్లలో కట్టుకొనిన భార్యను సహా, “అది” యనుట వినుచున్నారు. గొడ్డునకును గోడకును వాడు మాట అదియే గదా! 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువాగారు గుంటూరు లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధించిరి, మహాకవియైరి. అంతటివారును కులము పేరిట అవమానములు పడిరి. అక్షరము వచ్చినంత మాత్రమున మర్యాద రాదు.

యాకోబు భక్తుడు దీనినే సంఘమునకు చెప్పుచున్నాడు. బంగారు ఉంగరము గలవారికి మంచి చోటు, మాసిన బట్టలవారికి పాదపీఠము దగ్గర చోటు చూపుట పాపమని ఆయన బోధ. ఒకరిని “మీరు” అని, మరియొకరిని “ఒరే” అనుట మాటతో వేసిన అట్టి పీటలే.

యోహాను సువార్త 9వ అధ్యాయమును మన తెలుగు బైబిలులో చదువునప్పుడు ప్రభువు “ఆయన”, చూపు పొందిన బిచ్చగాడు “వాడు”. గ్రీకు మూలములో ఇద్దరికిని సర్వనామము ఒక్కటే. ఆ భేదము సువార్తికుడు పెట్టినది కాదు, మన భాష అడిగినది. ఇది పెద్ద పిల్లలకు చెప్పదగిన సంగతి.

అయితే “నీవు” అను మాటయే చెడ్డదని చెప్పరాదు. అమ్మను “నీవు” అందుము, ప్రార్థనలో దేవునిని “నీవు” అందుము, అది ప్రేమ. దారిన పోవు పెద్దాయనను చులకనగా “నీవు” అనుట ప్రేమ కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో “నా” అను మాట ఒక్కటియు లేదు; “మా” అనియే యున్నది. ఒంటరిగా ప్రార్థించు బిడ్డయు అందరిని కలుపుకొనియే తండ్రిని పిలువవలెను. అట్లే “మేము” వినువారిని వెలుపల నిలుపును, “మనము” లోపలికి పిలుచును. గుడి వాకిట సందేహించుచు నిలిచినవారితో “మనము” అనుటకు బిడ్డలకు నేర్పుదము.

కాపీ పుస్తకములో పేరును చిన్న అక్షరముతో వ్రాసినయెడల దిద్దుదుము గదా. అట్లే బిడ్డ నోట పెద్దవారిని గూర్చి “వాడు”, “అది” వచ్చినప్పుడు, కోపపడక, “ఆయన అనవలెను నాయనా, ఆమె అనవలెను తల్లీ” అని దిద్దుదము. దిద్దుటకు ముందు మనమే అట్లు పలుకుదము. పిల్లలు మన చేతివ్రాతకంటె మన నోటిమాటను త్వరగా దిద్దుకొందురు.

ప్రతివారిని పేరు పెట్టి పిలుచు మంచి కాపరి మన నాలుకలను కాచి నడిపించును గాక. ఆమేన్.