మార్గసంఖ్య

సంఖ్య వస్తువునందే యున్నదా, గణించు బుద్ధియందా యను ప్రశ్నకు, ఏకత్వము ప్రతిద్రవ్యమునందును గలదనియు, ద్విత్వాదులు మాత్రము ‘ఇది యొకటి, ఇది యొకటి’ యను అపేక్షాబుద్ధివలన జనించి దానితోడనే నశించుననియు వైశేషికులు సమాధానము చెప్పిరి. మన జాతీయ రహదారుల సంఖ్యలను 2010లో మార్చిన విధమును తలచినపుడెల్ల నాకీ వాదము స్ఫురించుచుండును. ఉత్తరదక్షిణముగా సాగు మార్గములకు తూర్పునుండి పడమరకు పెరుగునట్లు సరిసంఖ్యలును, తూర్పుపడమరలుగా సాగువానికి ఉత్తరమునుండి దక్షిణమునకు పెరుగునట్లు బేసిసంఖ్యలును నిర్ణయించి, శాఖలకు ప్రధానమార్గసంఖ్య ముందొక అంకెను చేర్చిరి గనుక, కత్తిపూడినుండి తీరము వెంబడి ఒంగోలు చేరు 216, తాను 16 యొక్క సంతానమని తానే ప్రవర చెప్పుకొనుచున్నది. ఆ 16లో అధికభాగము పూర్వపు 5. పూనానుండి మచిలీపట్టణము చేరిన 9 నేడు 65.

ఇంతవరకు పేరు మార్పే. వారాణసినుండి కన్యాకుమారికి బోయిన 7 సంగతి వేరు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురములగుండా నేగు దాని భాగము శ్రీనగరమునుండి వచ్చు 44లో లీనము కాగా, ఉత్తరభాగము వేఱు సంఖ్యల పాలయ్యెను. ఒక్క రాయియు కదలలేదు. ఒక్కటిగా నుండిన మార్గము అనేకమైనది! ద్విత్వము బుద్ధిజన్యమనుట సమంజసమే. కాని మార్గమునకు ఏకత్వమైనను స్వతస్సిద్ధమని యెట్లనగలము? మార్గము అవయవియే, అనగా అవయవములచే నేర్పడిన యేకద్రవ్యమే కాదు, భూఖండముల సంయోగమాత్రమని వైశేషికుడు తప్పించుకొనవచ్చును. అట్లైనచో కన్యాకుమారికి బోవువాడు ఏ మార్గమున బోవుచున్నాడో ఆయనయే చెప్పవలెను.