తలల లెక్కా, న్యాయమూ

పదిమందికీ చెందిన చోటును నలుగురే అనుభవిస్తూంటే అది అన్యాయమని ఒప్పుకోవడానికి మనకు పెద్ద వాదం అక్కరలేదు. అమెరికా నగరాల్లో పార్కుల టెన్నిస్ కోర్టులను పికిల్‌బాల్ కోర్టులుగా మార్చమని అడిగేవారి వాదం సరిగా ఇదే. టెన్నిస్ కోర్టుకు చుట్టూ వదిలే ఖాళీతో కలిపి 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావాలి. పికిల్‌బాల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులే. నలుగురు టెన్నిస్ ఆడే చోట నాలుగు చిన్న కోర్టులు వేసి 16 మందిని ఆడించవచ్చు.

ఈ కొత్త ఆటను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. 1965లో వాషింగ్టన్ రాష్ట్రపు బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, పాత బాడ్మింటన్ కోర్టు మీద, పింగ్‌పాంగ్ బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో మొదలైన ఆట అది. పరుగెత్తలేని వృద్ధులూ, ఏనాడూ రాకెట్ పట్టనివారూ ఒక్క పూటలో నేర్చుకుంటారు. ముక్కూ మొహం తెలియనివారు వంతులు వేసుకుని కలిసి ఆడతారు. టెన్నిసో, ఇంగ్లండు దొరల పచ్చికల మీద పెరిగిన ఆట. ఇక అభ్యుదయవాది ఏ పక్షాన నిలవాలో తేలిపోయినట్టేనని మన విద్యార్థి మిత్రులు అనవచ్చు.

అంత సులువుగా తేలదని నా మనవి. ఈ గంటలో ఇక్కడ ఎందరున్నారన్నది ఒక ప్రశ్న. ఈ చోటు పోతే మరో చోటు లేనివారెవరన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదాన్ని మరచిపోతున్నాం.

దొరల ఆట క్లబ్బు గోడలు దాటి సామాన్యుల చేతికి వచ్చింది ఈ పార్కు కోర్టుల మీదనే. ఆర్థర్ ఆష్ వర్జీనియాలోని రిచ్మండ్‌లో, నల్లజాతివారికి వేరుచేసిన బ్రూక్‌ఫీల్డ్ పార్కులో ఆట నేర్చుకున్నాడు. అతని తండ్రి ఆ పార్కు కాపరి. అదే ఊళ్ళో తెల్లవారి బర్డ్ పార్కు కోర్టుల్లో అతన్ని ఆడనివ్వలేదు. అతను 1968లో యు.ఎస్. ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. వీనస్, సెరీనా విలియమ్స్ అక్కచెల్లెళ్ళకు కాలిఫోర్నియాలోని కాంప్టన్ పార్కు కోర్టుల్లోనే తండ్రి ఆట నేర్పాడు. అక్కడ ఏ సాయంత్రమో తలలు లెక్కపెట్టి ఉంటే మూడే తేలేవి.

విజేతలు పుడతారు గనుక కోర్టు ఉంచాలనడం లేదు. ఏనాడూ గెలవని పిల్లకూ ఆ తలుపు తెరిచే ఉండాలంటున్నాను. మన కాలువల కింద ఎగువ రైతులు ఎక్కువమంది ఉన్నారు గనుక చివరి భూములకు నీరు కట్టేయవచ్చునని మనలో ఎవరూ అనం. అక్కడ ఒప్పుకున్న ధర్మాన్ని ఆటస్థలం దగ్గర వదిలేయడం దేనికి?

ఈ గీటురాయి రెండు వైపులా వర్తిస్తుంది. క్లబ్బు సభ్యత్వం ఉన్నవారే పార్కు కోర్టులనూ పట్టుకుని, వచ్చిన వృద్ధులను బయట నిలబెడుతూంటే, అక్కడ టెన్నిస్‌కు పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు. బీదపిల్లలకు ఆ కోర్టు తప్ప గతి లేని పేటలో మాత్రం, 16 మంది కోరినా సరే, దాన్ని పెకలించకూడదు. రెండు రంగుల గీతలు గీసి, తేలిక వలలు పెట్టి, వేళలు పంచుకునే వీలుంది. గీతను రేపు చెరిపేయవచ్చు. టెన్నిస్ స్తంభాలు పీకి కంచె వేశాక తిరిగి రాబట్టడం కష్టం.

ఇంతకూ ఈ ఇద్దరినీ తగవులోకి దించిందెవరు? న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని వోల్మన్ రింక్‌లో 2023లో 14 పికిల్‌బాల్ కోర్టులు వెలిశాయి. ఒక ప్రైవేటు సంస్థ వాటిని గంటల లెక్కన అద్దెకిచ్చింది. పేరుకు ఉమ్మడి పార్కే, ఆటకు మాత్రం డబ్బు! చోటు చాలదన్న మాట నిజమే. అయితే చాలని చోటులో కూడా కొంత అంగడికి పోతున్నప్పుడు, మిగిలిన ముక్క కోసం వృద్ధుడూ బీదపిల్లా పోట్లాడుకోవడం చూసి ఇదే ప్రజాభీష్టమని ఓట్లు లెక్కపెట్టడం న్యాయం అనిపించుకోదు. ఆ ఇద్దరూ కలిసి నగరపాలక సంఘాన్ని మరికొంత నేల అడగాలి. అది దొరికేదాకా పంచుకోవాలి. పంచుకునేటప్పుడు, వేరే దిక్కు లేనివారి వంతు ముందు రావాలి.