బండిలో ఖాళీ లేదు



ఇంటిల్లిపాది ఎక్కి ప్రయాణము చేయదగిన పెద్ద బండి వాకిట నిలుచుట నేడు మన గ్రామములలో వింత కాదు. అట్టి బండి కొనిన దినముననే దానితో కూడ ఒక ప్రశ్నయు ఇంటికి వచ్చును. మన కుటుంబము కూర్చుండగా మిగిలిన సీటు ఎవరిది? సీట్లన్నియు నిండినప్పుడు, త్రోవలో చేయెత్తి నిలిచినవాని విషయమై మన బాధ్యత తీరినట్లేనా? దీనిని నేను నా తప్పుల వలన నేర్చుకొంటిని గనుక మొదట వాటినే చెప్పెదను.

మా యింట నున్నది పాత ఈకో వ్యాను. మారుతి వారు 2010లో ఈ రకమును విడుదల చేసిరి. మా దానిలో ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, వెనుక ఇద్దరు, వెరసి ఏడుగురికి చోటు. నా తల్లి, నా భార్య, ముగ్గురు పిల్లలు, నేను, మేము ఆరుగురము. ఒక సీటు ఇతరులకు మిగిలినదని సంతోషించితిని. అయితే కాదనలేని వాని బండిలో ఆ ఒక్క సీటు ఎంతైనను సాగును. ఒకసారి క్రిస్మసు దినములలో మెదకు దేవాలయమును చూడ బయలుదేరితిమి. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన గుడి. చూడవలెనని పిల్లలకు ఎంతో ఆశ. "సర్దుకుంటాం లెండి అయ్యగారూ" అనుచు ఒక్కొక్కరే ఎక్కగా పదునొకండుగురమైతిమి. ఒక మలుపులో గేదె అడ్డము వచ్చెను. నేను బ్రేకు గట్టిగా త్రొక్కితిని. సీట్ల నడుమ నిలిచియున్న ఒక విధవరాలి కుమారుడు ముందరి సీటు కమ్మికి కొట్టుకొనగా వాని నొసలు చిట్లెను. నాలుగు కుట్లు పడెను.

ఆ తల్లి నన్ను ఒక్క మాటయు అనలేదు. "ప్రేమతోనే గదయ్యా ఎక్కించుకున్నారు" అనెను. ఆ మాటయే నాకు ఎక్కువగా గ్రుచ్చుకొనెను. అది ప్రేమయేనా? రాత్రియంతయు ఆలోచించితిని. కాదు. అయ్యగారు ఎక్కించుకొనలేదను మాట పడుటకు నేను భయపడితిని. ఆ భయమునకు ప్రేమ యని పేరు పెట్టితిని. 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. బ్రేకు బండిని ఆపును గాని బెల్టు లేనివానిని ఆపదు. వాడు అదే వేగముతో ముందుకు పడును. బరువు మించిన కొలది టైర్లు వేడెక్కును, బండి నిలుచుటకు దూరమును ఎక్కువ పట్టును. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము, 14 ఏండ్లు నిండని పిల్లవానిని బెల్టుగాని తగిన రక్షణగాని లేక తీసికొనిపోయిన డ్రైవరునకు 1,000 రూపాయల జరిమానా. అయితే జరిమానా కట్టినంత మాత్రమున పిల్లవాని నొసటి మచ్చ పోవునా?

నాటినుండి ఏడుగురికి మించి ఎక్కించనని నిశ్చయించుకొంటిని. అది మంచి నియమమే. కాని మంచి నియమము చాటునను మనస్సు దాగుకొనగలదని తరువాత తెలిసినది.

ఒక రాత్రి పెండ్లినుండి తిరిగి వచ్చుచుంటిమి. మా బావమరది కుమారునితో కలిపి ఏడుగురము. త్రోవ ప్రక్కన మోపెడుమీదనుండి పడిన ఒక కూలి మనిషి కూర్చుండియుండెను. కాలు తెగి రక్తము కారుచున్నది. అతని తమ్ముడు చేయెత్తెను. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 బండికి అప్పటికే ఫోను చేసిరట. అది మరియొకచోటికి పోయియున్నందున ఆలస్యమగునని తెలిసినదట. నేను "బండిలో ఖాళీ లేదు నాయనా" అని గేరు వేయబోతిని. అబద్ధము కాదు. ఏడు సీట్లు, ఏడుగురు మనుష్యులు.

నడిమి సీటులోనున్న నా తల్లి, "బండి ఆపరా. చోటు లేకపోతే మేము దిగుతాం" అనెను. ఆమెయు, నా భార్యయు, చిన్నపిల్లలిద్దరును దిగి, ప్రక్కనున్న టీ కొట్టు బల్లమీద కూర్చుండిరి. మేము గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చి, తిరిగి వచ్చువరకు గంటన్నర పట్టెను. చలికి కొంగు కప్పుకొని, ఒడిలో మనుమరాలిని నిద్రపుచ్చుకొని నా తల్లి మా కొరకు చూచుచుండెను.

గాయపడినవానిని ముట్టినయెడల పోలీసు కేసు మెడకు చుట్టుకొనునను భయము మనలో చాలామందికి కలదు. ఇట్టి సహాయకులను వేధింపరాదని 2016లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. 2019 సవరణలో 134ఎ అను సెక్షను చేర్చి, మంచి మనస్సుతో సహాయము చేసినవారికి రక్షణ కల్పించిరి. ఆ సెక్షనులో అట్టి సహాయకునికి పెట్టిన పేరు "గుడ్ సమారిటన్". అనగా మన మంచి సమరయుడే. చట్టము మన భయమును తీర్పగలదు. బండి దిగు మనస్సును ఇయ్యలేదు.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని ఆ సమరయుని జ్ఞాపకము చేసికొనుడి. అతడు ఎక్కి వచ్చిన పశువును మన తెలుగు బైబిలు "వాహనము" అనియే చెప్పుచున్నది. దానిపై ఎందరికి చోటుండెనో వ్రాయబడలేదు. గాయపడినవానిని దానిమీద ఎక్కించి, తాను ప్రక్కన నడిచియుండునని నేను తలంచుచున్నాను. ఖాళీ యుండుటనుబట్టి కాదు, తానే ఖాళీ చేయుటనుబట్టి అతడు పొరుగువాడాయెను. ఎనిమిదవవానిని ఇరికించుట సులభము. దానివలన మన సీటు మనకు పోదు, అపాయమును అందరికి పంచిపెట్టుదుము. మన సీటు విడుచుటయే కష్టము.

ఇందులో మరియొక సంగతి కలదు. బండి నడుపు నేను దిగలేను. దిగవలసినది నా యింటివారు. వారి సీట్లతో నేను ధర్మాత్ముడనని పేరు పొందుట న్యాయము కాదు. కాబట్టి బండి గల ప్రతి కుటుంబమును, అవసరము వచ్చినప్పుడు ఎవరు దిగవలెనో, ఎక్కడ వేచియుండవలెనో ముందుగనే కూర్చుండి మాటలాడుకొనవలెను. మెడకు గాని వెన్నుకు గాని దెబ్బ తగిలినవానిని ఊరక కదల్పక, 108 వచ్చువరకు అతనియొద్ద నిలిచియుండవలెను. అదియు బండి దిగుటయే.

బండి కొనగలిగినవారు కొనుడి. అందులో తప్పు లేదు. సీట్లకు మించి ఎవరినీ ఎక్కింపకుడి. అయితే "ఖాళీ లేదు" అని చెప్పకముందు ఒక్కసారి మీరు కూర్చున్న చోటును చూచుకొనుడి. అట్టి మనస్సు ప్రభువు మనకును మన పిల్లలకును దయచేయును గాక. ఆమేన్.