నొప్పి చెప్పని సంగతి

గొంతు నొప్పిని జబ్బుగా లెక్కవేసే అలవాటు మన ఇళ్ళలో లేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించమంటారు, మిరియాల పాలు కాచి ఇస్తారు, రెండు రోజులు ఐస్‌క్రీమ్ వద్దంటారు. చాలాసార్లు అంతకు మించి అక్కర్లేదు కూడా. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే, యాంటీబయాటిక్ మాత్రలతో పని లేకుండా వాటంతటవే సర్దుకునేవే. ఇన్నిసార్లు వచ్చి ఇన్నిసార్లు పోయినదాన్ని చూసి ఎవరు భయపడతారు? అనుభవం మనకిచ్చే ధైర్యం అలాంటిది. ఏమరుపాటు కూడా ఆ ధైర్యం చాటునే పెరుగుతుంది.

మా పెద్దమ్మ కూతురు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. కడుపుతో ఉన్న పిల్లకి ఆయాసం మామూలేనన్నారు ఒకరు. ఒంట్లో రక్తం తక్కువన్నారు ఇంకొకరు. రాత్రిపూట ఊపిరాడక లేచి కూర్చోవడం మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, గుండె సంగతి వదిలేసి మోకాళ్ళ సంగతి అడిగింది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని. పెద్దమ్మకి బాగా గుర్తుంది. ఒక మోకాలు తగ్గిందనుకునేలోపు ఇంకో చీలమండ వాచేదట, పిల్ల అడుగు వెయ్యలేక ఏడ్చేదట. అంతకుముందు గొంతు నొప్పి వచ్చిందా అంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అలాంటివి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. గ్రూప్-ఎ స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా గొంతులో చేరుతుంది. ఒళ్ళు దానితో పోరాడి గెలుస్తుంది. నొప్పి పోతుంది, పిల్ల బడికి వెళ్తుంది. రెండు మూడు వారాలయ్యాక, కొద్దిమంది పిల్లల్లో, ఆ పోరాటానికని తయారైన రక్షణ బలగం సొంత ఒంటిమీదే తిరగబడుతుంది. బాక్టీరియా పైపొరలోని ప్రొటీనుకీ గుండె కణాల్లోని ప్రొటీన్లకీ ఉన్న పోలికే అందుకు కారణం. ఇది రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువ. కీళ్ళు భరించలేనంతగా నొప్పి పెట్టి, ఆ తర్వాత ఆనవాలైనా మిగలకుండా మామూలైపోతాయి. గుండె వాల్వులు మాత్రం చడీచప్పుడూ లేకుండా వాచి, మచ్చకట్టి, ఏళ్ళు గడిచేకొద్దీ బిరుసెక్కుతాయి. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు రెక్కలు అంచుల దగ్గర అతుక్కుపోతే రక్తం వెళ్ళే దారి ఇరుకవుతుంది. గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన ఆ ఇరుకు దారి ఇక చాలదు. మా అక్క ఆయాసం వెనక ఉన్న లెక్క అదే. తొడ దగ్గరి సిరలోంచి గుండె దాకా బెలూన్ పంపి వాల్వును వెడల్పు చేశారు. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటుంది. మింగుడుపడనివ్వని గొంతు బాగుపడింది. అడుగు వెయ్యనివ్వని మోకాళ్ళు బాగుపడ్డాయి. ఒక్కరోజైనా నొప్పి పెట్టని గుండె పాడైంది. నొప్పి ఎక్కడుంటే నష్టం అక్కడుందని, నొప్పి తగ్గితే నష్టం ఆగిందని మనకో నమ్మకం. కాలిన వేలూ గుచ్చుకున్న ముల్లూ చిన్నప్పటి నుంచీ నేర్పిన పాఠం అది. ఆ పాఠం చర్మం దగ్గర పనిచేసినంత బాగా లోపల పనిచెయ్యదు.

ఈ ఆలోచనతోనే మెడ గురించి దొరికినవన్నీ చదివాను. తలకీ మొండేనికీ మధ్య ఆ కాస్త జాగాలో ఒంటికి ముఖ్యమైనవన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తాయి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని, మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే జుగులర్ సిర, గుండె వేగాన్ని అదుపుచేసే వేగస్ నరం, ఈ మూడూ ఒకే తొడుగులో ఉంటాయి. చీము పట్టిన టాన్సిల్ నుంచో, పుచ్చిన దవడ పన్ను వేరు నుంచో మొదలైన ఇన్ఫెక్షన్ ఆ తొడుగులో పడితే, ఛాతీలోకి దారి దొరికినట్టే. 1929లో హారిస్ మోషర్ అనే అమెరికన్ వైద్యుడు దానికి మెడలోని లింకన్ హైవే అని పేరు పెట్టాడు. అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి కలిపిన రహదారి పేరది. గొంతుకి వెనక, వెన్నెముకకు ముందు, ఇంకో సందుంది. పుర్రె అడుగు నుంచి ఉదరవితానం దాకా అడ్డన్నది లేని ఆ సందుని వైద్యులు ప్రమాద స్థలమనే పిలుస్తారు. అందులోకి దిగిన చీము గుండె చుట్టూ ఉండే సంచి దాకా చేరి, గుండెనే నొక్కిపట్టగలదు.

ఆ తొడుగులోని సిరకు ఇన్ఫెక్షన్ సోకితే వచ్చే జబ్బు ఒకటుంది. దాని గురించి ఫ్రెంచి వైద్యుడు ఆంద్రే లెమియర్ 1936లో లాన్సెట్ పత్రికలో రాసినప్పుడు పేర్కొన్న రోగులు 20 మంది. అందులో 18 మంది చనిపోయారు. ఈ జబ్బు పట్టేది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకుల్నే. మొదట మామూలు గొంతు నొప్పి. అది తగ్గుముఖం పట్టాక, వారం లోపలో కాస్త అటూ ఇటుగానో, వణికించే చలిజ్వరం, మెడలో ఒకవైపు వాపు. గాలి గిట్టని ఫ్యూసోబాక్టీరియం అనే బాక్టీరియా జుగులర్ సిరలో చేరి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. చీముతో నిండిన ఆ గడ్డలోంచి ముక్కలు తెగి, గుండె కుడి గదుల గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి పడతాయి. యాంటీబయాటిక్‌లు వచ్చాక ఈ జబ్బు ఎంత అరుదైపోయిందంటే, మరచిపోయిన జబ్బు అన్న పేరు దానికి స్థిరపడింది.

ధమనిది ఇంకో తీరు. చుట్టూ చేరిన చీము కెరోటిడ్ గోడను కొద్దికొద్దిగా తినేస్తుంది, గోడ పలచబడి ఉబ్బుతుంది. అది పగిలే ముందు కొందరిలో ముక్కులోంచో నోట్లోంచో చెవిలోంచో కాస్త రక్తం వచ్చి ఆగిపోతుంది. ఒక కంటిరెప్ప వాలి, ఆ కంటిపాప చిన్నదవుతుంది. చూసేవాళ్ళకి అది పెద్ద విషయంలా కనిపించదు. రక్తం ఆగింది కదా అని ఊరుకుంటే, రెండోసారి ఆపడం ఎవరి తరమూ కాకపోవచ్చు. ఇక్కడా అంతే, చిన్నగా పలికిన గుర్తే పెద్ద ప్రమాదం.

కంఠసర్పి కథ వీటన్నిటికీ భిన్నం. గొంతులో బూడిదరంగు పొర కట్టే ఆ బాక్టీరియాను 1884లో జర్మనీలో లోఫ్లర్ పరిశీలించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. అది గొంతు దాటి ఎక్కడికీ పోలేదు, కానీ దూరంగా ఉన్న అవయవాలు దెబ్బతిన్నాయి. అది ఏదో విషాన్ని వదులుతోందని ఆయన అనుమానం. 1888లో పారిస్‌లో రూ, యెర్సిన్ ఆ విషాన్ని వేరుచేసి చూపించారు. గరళాన్ని కంఠంలో నిలిపి లోకాన్ని కాచిన శివుడి కథ విని పెరిగినవాణ్ణి కాబట్టి ఇది చదివి ఉలిక్కిపడ్డాను. ఇక్కడ కంఠంలో నిలిచింది శత్రువు, దిగిపోయింది గరళం. ఆ విషం గుండె కండరంలోని కణాల్ని ప్రొటీన్లు తయారుచేసుకోనివ్వదు. గొంతులో పొర ఊడి, పిల్లవాడు లేచి అన్నం అడిగే రోజుల్లోనే గుండె తడబడడం మొదలుపెడుతుంది. గుర్రాల రక్తం నుంచి తీసే విరుగుడు సీరం ఉంది, కానీ అది రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. కణంలోకి దూరినదాన్ని వెనక్కి తేలేదు. హైదరాబాద్ నల్లకుంటలో జనం కోరంటి దవాఖాన అని పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రికి ఈ శతాబ్దంలో కూడా కంఠసర్పి పిల్లలు వచ్చారు. టీకా వచ్చి ఎన్ని దశాబ్దాలైందో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఒక కీడు ఒకచోట నుంచి ఇంకోచోటికి ఎన్ని రకాలుగా చేరుతుందో ఈ జబ్బులు చూపిస్తాయి. తానే నడిచి వెళ్తుంది, లెమియర్ చూసిన రోగుల్లో లాగా. తాను కదలకుండా విషాన్ని పంపుతుంది, కంఠసర్పిలో లాగా. లేదంటే తాను చచ్చిపోయి కూడా ఒక పోలికను వదిలి వెళ్తుంది, రుమాటిక్ జ్వరంలో లాగా. మొదటి రెండింటిలో నేరస్థుడెవరో తెలుసు. మూడోదానిలో, గుండె మీద దాడి జరిగేనాటికి శత్రువు జాడే ఉండదు. దెబ్బకొట్టింది మనల్ని కాపాడిన బలగమే. మనుషుల మధ్య కూడా ఇలాంటి దెబ్బలున్నాయి. ఎప్పుడో ఎవరో చేసిన గాయానికి అలవాటుపడిన మనసు, ఆ మనిషి పోలిక కనిపించిన పాపానికి ఇవాళ ఎదురుగా ఉన్నవాళ్ళను కరుస్తుంది. అక్కడా పాత నొప్పి ఎప్పుడో మానిపోయిందనే అనుకుంటాం.

ఇదంతా చదివి గొంతు గరగరలాడిన ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగితే అది వివేకం అనిపించుకోదు. ముక్కు కారుతూ దగ్గుతో వచ్చే గొంతు నొప్పి చాలావరకు వైరస్‌దే. దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడలో నొప్పిపెట్టే గడ్డలు ఉంటే డాక్టరుకి చూపించాలి. ఒకవైపు మెడ వాచినా, నోరు తెరవలేకపోయినా, తగ్గిన జ్వరం వణుకుతో తిరగబెట్టినా ఆ రోజే వెళ్ళాలి. స్ట్రెప్టోకోకస్ అని తేలితే, నొప్పి మొదలై 9 రోజులు దాటకుండా పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. మాత్రలైతే 10 రోజులు వాడాలి. మూడోరోజుకే నొప్పి పోతుంది. మిగతా రోజుల మాత్రలు నొప్పి కోసం వేసుకునేవి కావు, అందుకే అవి డబ్బాలో మిగిలిపోతాయి.

రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు 21 రోజులకోసారి బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు, ఏళ్ళ తరబడి. బాగా నొప్పిపెట్టే సూది అది. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లని, ఎక్కడా నొప్పిలేని పిల్లని, నొప్పి పెట్టించడానికి తీసుకెళ్ళాలి. కూలి ఒక రోజు పోగొట్టుకుని ఆ పని చేసే తల్లిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. బాధపడే బిడ్డను పట్టించుకోమని ఏ తల్లికీ ఎవరూ చెప్పక్కర్లేదు. బాధే చెబుతుంది. బాధ లేనిచోట చెయ్యాల్సిన సేవకి మాత్రం తెలివి కావాలి, తోడు కావాలి, గుర్తుచేసే ఒక ఆరోగ్య కార్యకర్త కావాలి.

ఊళ్ళ సంగతీ ఇంతే. ఐరోపాలో, అమెరికాలో పెన్సిలిన్ రాకముందే రుమాటిక్ జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇళ్ళు కాస్త విశాలమై, ఒకే గదిలో పదిమంది పడుకునే రోజులు పోవడం అందుకు పెద్ద కారణమని చెబుతారు. ఇరుకు గది ఎవరినీ అరిపించదు. అందుకే ఏ ప్రభుత్వానికీ అది అత్యవసరంగా కనిపించదు. వాల్వు మార్చే ఆపరేషన్‌కి డబ్బు మంజూరవుతుంది, గాలి ఆడే ఇంటికి మంజూరు కావడం కష్టం. గుండె జబ్బుల లెక్కలో ఆ ఇంటిని కూడా చేర్చి చూడడం మనకింకా అలవాటు కాలేదు.