జీలుగు కల్లు ఫొటో

ఒడిశాలోని రాయగడలో ఒక పసుపు వ్యాపారి ఉండేవాడు. తాతల నాడే పార్వతీపురం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబం. బుధవారం వస్తే చాటికోన సంతలో ఉండాల్సిందే. నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కొంధు గిరిజనులు మోసుకొచ్చిన పసుపు, అల్లం కొనేవాడు. కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, వాసన చూసి, కొసను పంటి కింద పెట్టి చూస్తే గాని బేరం మొదలెట్టే మనిషి కాదు.

కూతురికి రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి జయపురంలో బట్టల కొట్టు వాళ్లది. రెండోది బిస్సంకటక్ వైపు ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఫార్మసిస్టుది. జాతకాలు కుదిరాయి. ఇక మిగిలింది ఫేస్‌బుక్.

ఒక రాత్రి భోజనాలయ్యాక కళ్లజోడు సర్దుకుని ఫోను తీశాడు. జయపురం అబ్బాయి పేజీ కళకళలాడుతోంది. మజ్జిగౌరి అమ్మవారి గుడి దగ్గర అన్నదానం, అమ్మ పుట్టినరోజు కేకు, మొక్కలు నాటడం, పొద్దున్నే ఒక సూక్తి. ఫార్మసిస్టు పేజీ పాడుపడ్డ ఇల్లులా ఉంది. ముఖానికి బదులు మోటారు సైకిలు బొమ్మ. ఉన్న ఒక్క ఫొటో కూడా ఎవరో స్నేహితుడు ట్యాగ్ చేసింది: కొండ మీద ఊళ్లో నలుగురి మధ్య గొంతుక్కూర్చుని, సొరబుర్ర గరిటెతో జీలుగు కల్లు తాగుతున్నాడు.

"తాగుబోతు వెధవ. పేజీలో ఇంకేమీ పెట్టలేదంటే ఏం దాస్తున్నాడో!" అన్నాడు.

"ఎవర్నన్నా ఓ మాట అడిగితే పోలా?" అంది భార్య.

"కళ్లెదురుగా కనిపిస్తుంటే అడిగేదేంటి?"

ఆ బుధవారం సంతలో, ఎప్పుడూ తనకే పసుపమ్మే ముసలామెకి సరదాకి ఆ ఫొటోలు చూపించాడు. ఆమె ఫోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. "వీడికి మా ఊరాయన తన చేత్తో గరిటె ఇచ్చాడు, సావుకారూ. వద్దంటే ఆయన ముఖం ఏమవుతుంది?" అంది. తర్వాత అన్నదానం ఫొటో మీద వేలు పెట్టింది. "వీళ్ల ఆకుల్లో మెతుకు లేదు. కూర్చున్నవాళ్లు గరిటె కేసి చూస్తున్నారు. గరిటె పట్టుకున్నవాడు ఇటు చూస్తున్నాడు."

వ్యాపారికి మతి పోయింది. జీపులో ఇంటికొచ్చే లోపే తీర్పు తిరగబడింది. ఫార్మసిస్టు బంగారం, బట్టల కొట్టువాడు ఉత్త షోకు మనిషి.

కథ ఇక్కడ ఆపేస్తే ముసలామెకి జ్ఞాని పీటేసి చప్పట్లు కొట్టొచ్చు. కానీ ఆదివారం గుడికి వెళ్లినప్పుడు వంటాయన ఎదురుపడి అసలు సంగతి చెప్పాడు. ఆ ఫొటో మొదటి పంక్తి వడ్డన మొదలు కాకముందు తీసింది. జయపురం కుర్రాడు ఆఖరి పంక్తి దాకా ఉండి, గుండిగలు కూడా తోమి వెళ్లాడు. అప్పటికి ఫొటోలు తీసేవాళ్లు లేరు. బిస్సంకటక్‌లో తెలిసిన మందుల కొట్టాయన రెండోవాడి సంగతీ చెప్పాడు. జ్వరాల రోజుల్లో మందుల సంచీ భుజానేసుకుని కొండెక్కే మాట నిజం, ముక్కు మీద కోపమూ నిజం. జీలుగు కల్లు మర్యాద కోసం తాగాడన్నది మాత్రం ముసలామె ఊహ. సీజన్లో ఇష్టంగానే తాగుతాడు.

ఇదంతా ఇంట్లో చెప్పుకుని తల పట్టుకుంటే కూతురు అంది: "నా పేజీ ఎప్పుడన్నా చూశావా నాన్నా? మూడేళ్లుగా ముగ్గులు తప్ప ఏమీ లేవు. అవి చూసే రెండిళ్లవాళ్లూ 'పిల్ల ఇంటిపట్టున ఉండే రకం' అని మురిసిపోయారు. భువనేశ్వర్‌లో ఉద్యోగానికి అప్లై చేశానని ఏ ముగ్గు చెబుతుంది? ఇద్దర్నీ రమ్మను, నేనే మాట్లాడతాను."

నీతి: ప్రొఫైలు అబద్ధమే కానక్కర్లేదు. అది ఎవరు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో తెలుసుకోకుండా గుణం తేల్చబోతే అందులో కనిపించేది చూసేవాడి మనసే.

పెళ్లి సంబంధాలకి అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలనేవారు. రాయగడ తెలుగువాళ్లకి ఆ ఆరా సరిహద్దు అవతలి చుట్టాల దాకా వెళ్లేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడే దాకా రాయగడ కూడా కలిసిన కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. 1992లో రాయగడ, కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. సరిహద్దులు ఎన్ని మారినా సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం చుట్టరికాలు తెగలేదు, ఆరాలన్నీ ఆ చుట్టాల ద్వారానే. ఆ ఆరాలేమీ గంగాజలం కాదు. కులం, కుళ్లు, పాత పొలం తగాదాలు అన్నీ కలిసే వచ్చేవి. అయితే చెప్పేదెవరో తెలిసేది. "వాడికీ వీళ్లకీ పడదులే" అని మాటలో సగం కోసేసుకునే వీలుండేది. ట్యాగ్ చేసిన స్నేహితుడి మాటలో ఎంత కోయాలో వ్యాపారికెలా తెలుస్తుంది?

పేజీలు బొత్తిగా ఏమీ చెప్పవనడం కూడా తప్పే. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికా, జర్మనీలకు చెందిన 236 మంది ప్రొఫైళ్లను ముక్కూ మొహం తెలియనివాళ్లకి చూపించారు. నలుగురిలో కలిసే స్వభావాన్ని వాళ్లు బాగానే పట్టుకున్నారు. లోపలి ఆందోళనని పట్టుకోవడం దగ్గరే తడబడ్డారు. 2015లో ఇంకొకటి వచ్చింది. 300 లైకులు చేతికిస్తే స్వభావాన్ని అంచనా కట్టడంలో కంప్యూటరు కట్టుకున్నవాళ్లని కూడా మించిందని తేల్చారు. కాకపోతే అక్కడ కొలబద్ద ప్రశ్నపత్రం మీద మనిషి తన గురించి తాను పెట్టుకున్న టిక్కులు. గుండిగలు తోముతాడా అన్న ప్రశ్న అందులో ఉండదు.

పేజీ చూసి గుణం తేల్చే ఈ చూపుకి భయపడేవాళ్లు పెళ్లికొడుకులే కాదు. అమెరికా వీసా ఫారంలో 2019 నుంచి గత అయిదేళ్ల సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థులు, అదే ఏడు డిసెంబరు నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్లు తమ పేజీలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలి. తెలుగిళ్లలో ఇది ఊసుపోక కబురు కాదు, ఎంతమంది పిల్లల ప్రయాణమో దీనికి ముడిపడి ఉంది. పరీక్ష ఉందని తెలిశాక ఎవరైనా పాత పోస్టులు తుడిచేస్తారు, జెండా ఫొటో పెడతారు. ఆ తర్వాత ఆఫీసరుకి కనిపించేది పరీక్షకి సిద్ధమైన పేజీయే. ఏమీ రాయనివాడి మీద అనుమానం మా వ్యాపారికి లాగానే అక్కడా ఉంది.

అసలు పేజీ అంటూ లేకుండానే తీర్పు పొందేవాళ్లు చాటికోన సంతలోనే ఉన్నారు. బయటినుంచి వచ్చినవాళ్లు డోంగ్రియా ఆడవాళ్ల ముక్కుపోగులు, తలలో క్లిప్పులు దగ్గరగా ఫొటో తీసి, కింద 'అమాయకులు' అని రాసి లోకానికి పంచుతారు. ఆ 'అమాయకులు' ఏం చేశారో చూడండి: 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వాళ్ల నియమగిరిలో బాక్సైట్ తవ్వొచ్చా అన్నదాని మీద గ్రామసభల మాట వినాలంది. ఆ ఏడు జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లు కూర్చున్నాయి. జిల్లా జడ్జి ఎదుట, వానలో, తమ కొండ గురించి తమ భాషలో చెప్పి, 12కి 12 ఊళ్లూ వద్దన్నాయి. ముక్కుపోగుల ఫొటోలకి లైకు కొట్టినవాళ్లలో ఆ సభల సంగతి ఎందరు చదివారో మరి.