ఎంతసేపు, అయ్యగారూ?



1961లోనే ఓపెన్ హార్ట్ ఆపరేషను జరిగిన రాయవెల్లూరు మిషను ఆసుపత్రిలో, దివిసీమనుండి వచ్చిన ఒక తల్లితో నేను కూర్చుంటిని. లోపల ఆమె కుమార్తెకు గుండె వాల్వు మార్చుచుండిరి. “ఎంతసేపు, అయ్యగారూ?” అని ఆ తల్లి పదే పదే అడిగెను.

ఈ ఆపరేషనుకు సాధారణముగా 3 మొదలు 5 గంటలు పట్టును. గుండెను ఆపి, యంత్రముచేత రక్తమును నడిపించుచు, చెడిన వాల్వు తీసి క్రొత్తది కుట్టుదురు. మత్తుకును సిద్ధపాటుకును మరికొంత సేపు పట్టును గనుక, ఆలస్యమైనంత మాత్రమున కీడు జరిగెనని తలంచకుడి.

పిమ్మట ఒకటి రెండు దినములు ఇంటెన్సివ్ కేరులోను, సుమారు వారము దినములు ఆసుపత్రిలోను ఉండవలెను. కోసిన రొమ్ము ఎముక అతుకుటకు 6 మొదలు 12 వారములు కావలెను. లోహపు వాల్వు అయినచో రక్తము గడ్డకట్టకుండ మాత్రలును, రక్తపరీక్షలును జీవితాంతము తప్పవు.

గెత్సేమనే తోటలో ప్రభువు తన స్నేహితుల తోడు కోరెను, వారు నిద్రించిరి. బందరు, గుడివాడ సంఘములవారలారా, ఆపరేషను దినమున ప్రార్థించి అంతటితో మరువకుడి. మూడవ వారమున అన్నము వండి తీసికొని పొండి. రక్తపరీక్షకు తోడు వెళ్లుడి. అంతవరకు మెలకువగా నుండు మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.